ఆరో గడి

ఫారం, మేతగది
మే 4

చెల్లీ,

ఫోన్లో నీతో మాట్లాడటమూ గోడతో మాట్లాడటమూ ఒకటే. నేను పది మాటలంటే నువ్వొక "ఊ". అందుకే ఉత్తరం. నువ్వూ ఉత్తరమే రాయి, కాకపోతే కాస్త ఉత్తరంలా రాయి. కాన్వెంటు హాస్టల్లో మీ సిస్టరు ప్రతి ఉత్తరం చదివిగాని పోస్టు చేసేది కాదు, అందుకని నాలుగు ముక్కలతో సరిపెట్టేదానివి, సరే. ఇప్పుడెవరు చదువుతారు? గుడ్ల వ్యాను డ్రైవరు తెచ్చి ఇస్తాడు. అతనికి రోడ్డు తప్ప ఇంకేదీ చదివే ఓపిక లేదు.

విషయానికొస్తా. రెండో షెడ్డులో కోళ్ళు ముడుచుకుని కూర్చుంటున్నాయి. తురాయిలు పాలిపోయాయి. రెట్ట పల్చగా, ఆకుపచ్చగా పడుతోంది. మొన్న రెండు పోయాయి, నిన్న నాలుగు, ఇవాళ పొద్దున ఐదు. మీ బావ "ఎండ దెబ్బ" అంటాడు. ఆయనకి వర్షంలో తడిసి జ్వరమొచ్చినా ఎండ దెబ్బే.

ఈ నెలలోనే మన కోళ్ళకి ఆర్నెల్లకోసారి జరిగే రోగపరీక్ష. మీ ల్యాబు కాగితం లేనిదే పొదుగు మిషన్లో ఒక్క గుడ్డు పెట్టడానికి లేదు. రోగం ఉందని తేలితే ఏమవుతుందో నేను నీకు చెప్పాలా? మూడు వేల తల్లికోళ్ళలో ఒక్కటి మిగలదు. గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చడమే. నాన్న ఇరవై రెండేళ్ళు ఏరి ఏరి నిలబెట్టిన జాతి అది. మళ్ళీ ఎక్కడ తేను?

నమూనాల పెట్టె నీ చేతికే వస్తుంది కదా? నువ్వు చూస్తావనే నా ధైర్యం. మీ మేడంకి మాత్రం మనం అక్కచెల్లెళ్ళమని చెప్పకు. ఎందుకొచ్చిన గొడవ.

నీ దత్తపుత్రిక కుంటికోడి కులాసా. షెడ్లన్నీ మహారాణిలా తిరిగొస్తుంది, అక్కడ నీళ్ళు మాత్రం ముట్టదు. వంటింట్లో, నీ స్కూలు టిఫిన్ డబ్బా మూతలో పోస్తేనే తాగుతుంది. గారాబం నువ్వు చేశావు, చాకిరీ నాకొచ్చింది.

అక్క


ల్యాబు, రెండో అంతస్తు
మే 8

అక్కా,

ఉత్తరం చదివి భయపడ్డాను. నువ్వు చెప్పిన లక్షణాలకు ఎండ దెబ్బ అన్న పేరు నాకు తోచడం లేదు. కోళ్ళకు వచ్చే టైఫాయిడ్ కావచ్చు. కాకపోతే సంతోషం. నమూనాలోని క్రిమిని ప్లేటు మీద పెంచి చూస్తే తప్ప తెలియదు.

అప్పుడే చనిపోయిన కోళ్ళు మూడు కావాలి. విడివిడి సంచుల్లో, చుట్టూ ఐసు పెట్టి పంపు. నీళ్ళలో ఏ మందూ కలపవద్దు. ఇది ముఖ్యం. మందు పడితే క్రిమి చావదు, దాక్కుంటుంది. మేము ఎంత వెతికినా దొరకదు. లేదనుకుంటాం.

పెట్టెతో పాటు నమూనా చీటీ ఉంటుంది. అందులో ఆరో గడి చూడు. "గత రెండు వారాల్లో ఏదైనా మందు వాడారా? వాడితే ఏది, ఎన్నాళ్ళు?" అని ఉంటుంది. మా మేడం ముందు ఆ గడే చదువుతుంది.

చీటీ మీద ఫారం నంబరు తప్ప పేరు ఉండదు. నేను ఏమీ చెప్పను.

కుంటిదాని మూత రోజూ కడుగుతున్నావా?

చెల్లి


ఫారం
మే 15

చెల్లీ,

పెట్టె పంపుతున్నా. మూడు కోళ్ళు, ఇవాళ తెల్లవారి పోయినవి. ఐసు బాగానే పెట్టాం.

చీటీ నింపాను. ఆరో గడిలో "లేదు" అని రాశాను.

పనుంది. మళ్ళీ రాస్తా.

అక్క


ల్యాబు, రెండో అంతస్తు
మే 22

అక్కా,

ఏమీ పెరగలేదు.

ఐదు రోజులు చూశాను. రోజూ అందరికంటే ముందు వచ్చి, ఇంక్యుబేటరు తలుపు తెరిచే ముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకునేదాన్ని. కాలేయం ప్లేటు ఖాళీ. అండాశయం ప్లేటు ఖాళీ. పేగు నుంచి తీసిన ప్లేటు మీద కూడా, ఏ కోడిలోనైనా ఉండే మామూలు క్రిముల గుంపు దాదాపు లేదు. చుట్టాలు వస్తున్నారని ఊడ్చి తుడిచిన ఇల్లులా ఉంది. నాకు కొంచెం వింతగా అనిపించింది.

అయినా కాగితం మీద "లేదు" అనే రాశాను. గత నెల నుంచి మేడం నాకు సొంతంగా సంతకం చేసే హక్కు ఇచ్చింది. ఇది నా మొదటి సంతకం. రెండుసార్లు పెన్ను మార్చాను.

నీ పేరు చెప్పలేదు. మేడం అడగలేదు. అడిగితే ఏమనేదాన్నో నాకు తెలియదు.

అవి ఎలా చనిపోయాయో మాత్రం ఇంకా తెలియదు. కొత్తగా ఏవైనా పోతున్నాయా?

చెల్లి


ఫారం, మేతగది
జూన్ 5

నా బంగారు చెల్లీ,

నీ చేతికి ముత్యాల గాజులు చేయించాలి! కాగితం రాగానే మీ బావ దాన్ని నాలుగుసార్లు చదివాడు. పెళ్ళి చూపులకొచ్చినప్పుడు నా మొహం కూడా అంత సేపు చూళ్ళేదు.

ఒకటో తేదీన మిషన్ నింపాం. ఎనిమిది వేల గుడ్లు. ఇరవై రెండో తేదీకి పిల్లలు దిగుతాయి. పిల్లలు కావాలని జనం క్యూ కట్టారు. ఏప్రిల్లో యాభై పిల్లలు పట్టుకెళ్ళిన కుట్టుపనామె కూడా మళ్ళీ కావాలని కబురు పెట్టింది. అప్పటివి నిలవలేదట. వెచ్చగా ఉంచడం చేతకాకపోతే ఎలా నిలుస్తాయి? అదే చెప్పి పంపాను.

షెడ్డులో ఇప్పుడు చావులు లేవు. కోళ్ళన్నీ నిగనిగలాడుతున్నాయి. కుంటిదే నాలుగు రోజులుగా దిగాలుగా ఉంటోంది. రెక్కలు వాల్చి పొయ్యి పక్కన కూర్చుంటుంది. అన్నీ బాగుండగా దీనికొక్కదానికీ ఏం మాయరోగమో. వయసు కాబోలు.

నువ్వు ఈసారి సెలవు పెట్టి రా. రోజంతా పుస్తకం పట్టుకుని మూల కూర్చున్నా ఏమీ అనను.

అక్క

కాగితానికి అంటిన మరక చూసి మొహం చిట్లించకు. వంటింట్లోంచి లేచొచ్చి రాస్తున్నా. పసుపుపొడి అది.


ల్యాబు, రెండో అంతస్తు
జూన్ 9

అక్కా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను.

ఎనిమిదో తరగతిలో నా తెల్ల యూనిఫాం మీద పసుపుపొడి పడింది. నువ్వు సబ్బు రుద్దితే మరక ఎర్రగా మారింది. నేను రక్తం అనుకుని ఏడ్చాను. నువ్వు నవ్వి, "పసుపుకి సబ్బంటే కోపం, అందుకే ఎర్రబడుతుంది" అన్నావు.

నీ ఉత్తరం మీది మరకకు సబ్బునీళ్ళు ఒక చుక్క పెట్టాను. ఎర్రబడలేదు.

మే 15 ఉత్తరం కూడా తీసి చూశాను. అంచున నీ బొటనవేలి ముద్ర ఉంది. అదే రంగు. దాని మీదా ఒక చుక్క పెట్టాను. అదీ ఎర్రబడలేదు. నీళ్ళలో కలిపే మందుపొడి ఆ రంగులో ఉంటుంది. నా అల్మారాలో ఆ సీసా ఉంది.

ఇంకొకటి. షెడ్డు నీళ్ళు తాగే కోళ్ళన్నీ బాగున్నాయి. షెడ్డు నీళ్ళు ముట్టని కోడి ఒక్కటే జబ్బుపడింది.

మందు క్రిమిని నిద్రపుచ్చుతుంది అంతే. అది కోడి అండాశయంలో పడుకుని ఉంటుంది, గుడ్డులోకి వెళుతుంది, పిల్లతో పాటు బయటికి వస్తుంది. పిల్లలు వారంలోపు చనిపోతాయి. చావనివి పెద్దవై మళ్ళీ గుడ్లు పెడతాయి. అదీ మందుకు అలవాటు పడిన క్రిమి అయితే, తర్వాత వేయడానికి మందే ఉండదు.

అక్కా, ఆరో గడిలో నువ్వు రాసింది నిజమేనా?

చెల్లి


ఫారం
జూన్ 12

ఏమ్మా డాక్టరమ్మా,

నా ఉత్తరాలకి సబ్బునీళ్ళు పోసి చూస్తున్నావా? మీ హాస్టలు సిస్టరే నయం. చదివి ఊరుకునేది.

నాన్న పోయిననాడు నీకు పదమూడేళ్ళు. మర్నాడు పొద్దున్నే మేత బస్తా భుజాన వేసుకున్నదాన్ని నేను. నువ్వు కాన్వెంటు మానకూడదని పట్టుబట్టింది నేను. నీ యూనిఫాం, నీ పుస్తకాలు, నీ కళ్ళజోడు, ఆ సంతకం పెట్టిన పెన్నుతో సహా ఈ కోళ్ళు పెట్టినవే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే!

వేస్తే ఏం? ఎవరు వెయ్యట్లేదు? మందుల షాపువాడు అడక్కముందే పొట్లం కట్టి ఇస్తాడు. పెట్టెలో పెట్టడానికి కోళ్ళు చచ్చేదాకా చేతులు కట్టుకుని చూస్తూ కూర్చోమంటావా? నువ్వు ఆ గాజు పలకల మీద చుక్కలు చూసుకుంటావు. నేను పొద్దున షెడ్డు తలుపు తీసి చూస్తాను. రెండూ ఒకటి కాదు.

కావాలంటే వెళ్ళి మీ మేడంకి చెప్పుకో. ముందు ఎగిరిపోయేది నీ సంతకమే. అక్క ఫారానికి చెల్లెలు కాగితం ఇచ్చిందంటారు. ఆ సంగతి కూడా ఏదైనా పుస్తకంలో ఉందేమో చూసుకో.

జవాబు రాయక్కర్లేదు.


ల్యాబు, రెండో అంతస్తు
జూన్ 14

అక్కా,

నువ్వన్నవన్నీ నిజమే. పెన్ను కూడా.

కుంటిది పుట్టిన రోజు నీకు గుర్తుందా? గుడ్డుకు చిన్న బీట వేసి, ఒక రోజంతా లోపల గింజుకుంటూ ఉండిపోయింది. "పెంకు లోపలి నుంచే పగలాలి, బయటి చెయ్యి పడితే కాలు వంకరపోతుంది" అని నాన్న ఎన్నోసార్లు చెప్పేవారని గుర్తుచేసి నువ్వు నన్ను మిషన్ గదిలోంచి పంపేశావు. నేను ఆగలేక మళ్ళీ లోపలికొచ్చి గోటితో పెంకు ఒలిచాను. కాలు వంకరపోయింది.

ఈసారి ఆగుతాను. గుడ్లు ఇరవై రెండు దాకా మిషన్లోనే ఉంటాయి, ఎవరింటికీ వెళ్ళవు. కాబట్టి ఇరవయ్యో తేదీ శనివారం దాకా నీకు సమయం ఉంది. ఆ ఉదయం నేను మేడం గదిలోకి వెళ్ళి, కాగితం వెనక్కి తీసుకుంటానని చెబుతాను. ఆ ఫారం మా అక్కదని చెబుతాను. పేగు ప్లేటు అంత ఖాళీగా ఉండకూడదని తెలిసి కూడా సంతకం పెట్టానని చెబుతాను. అందులో నీ తప్పు లేదు. నాకు సంతోషం కావలసి వచ్చింది, పెట్టేశాను.

శనివారం లోపు నువ్వే చెబితే బాగుంటుంది. శనివారం తర్వాత నేను ఆగను.

 

చెల్లి


ఫారం, వంటిల్లు
జూన్ 18

చెల్లీ,

డ్రైవరు చేతిలో గంప చూసి కంగారుపడకు. అందులో కుంటిది ఉంది. ఇంకా బతికే ఉంది.

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టాను. పెట్టి, రెండు రోజులు షెడ్ల చుట్టూ తిరిగాను. శనివారం రానీ, చూస్తాను దీని సంగతి అనుకున్నా. నిజం చెప్తున్నా, నీకు భయపడి పంపట్లేదు దీన్ని.

నిన్న కుట్టుపనామె వచ్చింది. కబురు పెట్టడం కాదు, స్వయంగా. చేతిలో ఏదో సంచి. ఆమె పోట్లాటకే వచ్చిందనుకుని నేను నడుం బిగించుకుని నిలబడ్డాను. ఆమె గుమ్మంలోనే నిలబడి, "తప్పు నాదేనమ్మా" అంది.

"ఏం తప్పు?" అన్నా.

"యాభైలో నలభై ఒకటి పోయాయి. వెచ్చగా ఉంచలేదని మీరు కబురు పంపారు కదా. నిజమే అయ్యుంటుంది. పగలు కుట్టుమిషన్ మీద పడి వాటివైపు సరిగ్గా చూళ్ళేదేమో. ఈసారి అలా జరగదు. ఇదిగో," అని సంచిలోంచి తీసింది. కుట్టగా మిగిలిన గుడ్డముక్కలన్నీ కలిపి, లోపల దూది పెట్టి, ఇంత మందాన బొంత కుట్టింది. కోడిపిల్లల బుట్ట చుట్టూ కట్టడానికట. అంచులు ఎంత చక్కగా మడిచి కుట్టిందో! "ఇది సరిపోతుందా అమ్మా, ఇంకొకటి కుట్టమంటారా?" అని నన్నడుగుతోంది.

నేను దాన్ని చేత్తో పట్టుకుని చూశాను. బాగుంది అన్నాను. ఆ ఒక్క మాటా అన్నాను చెల్లీ, ఇంకో మాట రాలేదు. ఏప్రిల్లో ఆమెకిచ్చిన పిల్లలు రెండో షెడ్డువి. మొదటి కోడి పోయింది మే నెలలో కాదు. మార్చి ఆఖర్లోనే మూడు పోయాయి. నీకు రాయలేదు. మీ బావకి కూడా చెప్పలేదు. గొయ్యి తీసి నేనే పూడ్చాను. ఆమె పిల్లలు ఎందుకు పోయాయో ఆమె కబురు పెట్టిన రోజే నాకు తెలుసు. తెలిసే "వెచ్చగా ఉంచలేదు" అన్నా.

నన్ను తిట్టి ఉంటే మందుపొడి ఇంకో డబ్బా తెప్పించేదాన్ని. తిట్టలేదు. బొంత ఇచ్చి వెళ్ళింది.

గంపకి కట్టిన ఈ కొత్త నమూనా చీటీ చూడు. ఆరో గడి చిన్నది, చాల్లేదు. వెనక్కి తిప్పి రాశాను. ఏ రోజు మొదలుపెట్టామో, ఎన్ని రోజులు వేశామో, మీకు పెట్టె పంపేనాటికి ఐదు రోజుల నుంచి వేస్తూనే ఉన్నామని, ఇప్పటికీ మానలేదని, డబ్బా మీది పేరు, అన్నీ. చివర్న ఒక ముక్క రాశాను: ఈ ఫారంలో మందు నీళ్ళు తాగని కోడి ఇదొక్కటే.

మిగతావి ఎన్ని పంపినా మీకేమీ దొరకదు కదా? దీంట్లో దొరుకుతుంది. దీన్ని కోస్తేగాని తెలియదని నాకు తెలుసు. నువ్వే చెయ్యి. కొత్త చేతులకి బెదురుతుంది.

మూత కూడా పెట్టాను. దారిలో నీళ్ళు దాంట్లోనే పొయ్యమని డ్రైవరుకి చెప్పాను. నవ్వాడు. కానీ పోస్తాడు.

మిషన్ గదిలో ఇంకా పిల్లల చప్పుడు మొదలవ్వలేదు. నేను కుట్టుపనామె ఇంటికి వెళ్తున్నా. ఈసారి ఇంకో మాట వస్తుందేమో చూడాలి.

అక్క


ల్యాబు, రెండో అంతస్తు
జూన్ 20, శనివారం

అక్కా,

డ్రైవరు ఇవాళే వెనక్కి వస్తున్నాడు, అతని చేత పంపుతున్నాను. అతని వ్యాను, బూట్లు ఫినాయిలు నీళ్ళతో కడిగించాం. ఉత్తరం తీసుకున్నాక చేతులు కడుక్కో.

ముందు పని మాట. ఫారం తలుపులు మూసెయ్యి. గుడ్డు గానీ, కోడి గానీ, మేత సంచి గానీ బయటికి పోకూడదు. అధికారులు రేపు మధ్యాహ్నానికి వస్తారు. ఏప్రిల్లో పిల్లల్ని ఎవరెవరు తీసుకున్నారో చెప్పమంటారు. అందరి పేర్లూ చెప్పు. కుట్టుపనామె దగ్గర బతికిన తొమ్మిదింటినీ కూడా చూడాలి.

నేను రేపు పొద్దున మొదటి బస్సుకు వస్తాను. బూట్లు, చేతి తొడుగులు రెండు జతలు తెస్తున్నాను. ఈ పాటికి మిషన్లో చప్పుడు మొదలై ఉంటుంది. నేను వచ్చేదాకా నువ్వు ఆ గదిలోకి వెళ్ళకు. ఇద్దరం కలిసి వెళదాం. ఒక్కదానివే వినకు.

కుంటిది నిన్న ఉదయం చేరింది. గంప మూత తీయగానే నా వైపు తల తిప్పి చూసింది. టిఫిన్ మూతలో నీళ్ళు పోస్తే రెండు గుక్కలు తాగింది. నేనే చేశాను. పట్టుకున్నంతసేపూ గింజుకోలేదు. కాలేయం రాగి రంగులో ఉంది. కోళ్ళ టైఫాయిడ్‌కు గుర్తుగా పుస్తకంలో ఆ మాట ఎన్నోసార్లు చదివాను. రాగి అంటే ఇంత రాగి అని తెలియదు. ఇవాళ ఉదయం ప్లేటు నిండా క్రిమి పెరిగి ఉంది. ఈసారి కళ్ళు మూసుకోలేదు.

మూతను క్రిములు చచ్చేలా ఆవిరి డబ్బాలో పెట్టి తీశాను. నా సంచిలో ఉంది.

నా సంతకం ఆర్నెల్లు ఆపేశారు. దాని గురించి నువ్వేమీ అనుకోకు, నేను కూడా ఎక్కువ అనుకోవడం లేదు.

శనివారం దాకా ఆగుతానని రాశాను కదా, ఆగలేదు. నిన్న కుంటిదాన్ని బల్ల మీదికి తీసుకోవడానికి ముందే నీ చీటీ పట్టుకుని మేడం గదిలోకి వెళ్ళాను. ఆవిడ అలవాటు ప్రకారం ముందు ఆరో గడి చూసింది. తర్వాత కాగితం తిప్పింది. వెనక వైపు మొత్తం చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివింది. కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

"పందొమ్మిదేళ్ళుగా ఈ చీటీలు చూస్తున్నాను. ఆరో గడి ఇలా నింపినవాళ్ళు లేరు. ఎవరిదమ్మా ఈ ఫారం?" అంది.

నా గొంతు ఆ గదిలో ఎప్పుడూ అంత పెద్దగా వినిపించలేదు.

"మా అక్కది" అన్నాను.

చెల్లి